ఫిక్సర్ మీ కుర్రాడి దగ్గరికి వస్తే: విశాఖ ఫుట్‌బాల్ ఆటగాళ్లు, తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతులు

మన విశాఖలో ఫుట్‌బాల్ ఆడే పిల్లలు ఎక్కువమంది మధ్యతరగతి, అంతకంటే కింది ఇళ్ల నుంచి వస్తారు. గాజువాక, మల్కాపురం, కంచరపాలెం, ఉక్కునగరం, పోర్టు క్వార్టర్ల వైపు నుంచి వచ్చి ఏయూ గ్రౌండ్‌లోనో రైల్వే గ్రౌండ్‌లోనో పొద్దున్నే ప్రాక్టీస్ చేస్తుంటారు. వాళ్లలో నలుగురైదుగురికి కోల్‌కతాలోనో గోవాలోనో బెంగళూరులోనో ఏదో క్లబ్‌లో చోటు దొరుకుతుంది. ఇల్లు వదిలి, భాష తెలియని ఊళ్లో, ముగ్గురు కలిసి ఉండే గదిలో, నెల జీతం ఎప్పుడొస్తుందో తెలియని ఉద్యోగం. పందెంలో గెలవడానికి డబ్బిచ్చి ఆటని తారుమారు చేయించే ఫిక్సర్‌కి కావాల్సింది సరిగ్గా ఇలాంటి కుర్రాడే. అందుకే ఇది రాస్తున్నాను. ఆడే పిల్లలు చదవాలి, వాళ్లను పంపే అమ్మానాన్నలు, నేర్పే మాస్టార్లు కూడా చదవాలి.

ఒక అపోహ వదిలేయండి. ఫిక్సింగ్ అంటే టీవీలో వచ్చే పెద్ద మ్యాచ్‌ల్లో, కోట్లు సంపాదించే స్టార్లతో జరిగేదని చాలామంది అనుకుంటారు. కోట్లొచ్చేవాడిని కొనాలంటే ఎన్ని కోట్లు పెట్టాలి? ఫిక్సర్లు వెతికేది కెమెరాలు తక్కువ ఉండే, జీతాలు తక్కువ ఉండే, అయినా ప్రపంచంలో ఎక్కడో ఒక వెబ్‌సైట్‌లో పందెం కాయడానికి వీలున్న మ్యాచ్‌లను. 2013లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో సదరన్ స్టార్స్ అనే జట్టు ఆటగాళ్లనూ కోచ్‌నూ పోలీసులు పట్టుకున్నారు. అదేం పెద్ద లీగ్ కాదు, ఆ రాష్ట్రం స్థాయి పోటీ, గ్రౌండ్‌కి వచ్చే జనం కూడా అంతంత మాత్రమే. దాని మీద విదేశాల్లో మాత్రం భారీగా డబ్బు కాశారు.

జీతం సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే అసలు రోగం అక్కడే ఉంది. ఆటగాళ్ల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఫిఫ్‌ప్రో 2012లో తూర్పు యూరప్‌లో 12 దేశాల్లో 3,000 మందికి పైగా ఆటగాళ్లను అడిగితే, 41 శాతం మంది తమకు జీతం టైముకి రావడం లేదన్నారు, దాదాపు 12 శాతం మంది తమను ఫిక్సింగ్ కోసం ఎవరో ఒకరు సంప్రదించారని ఒప్పుకున్నారు. జీతం ఆగిన కుర్రాడి దగ్గరికి డబ్బున్న మనిషి నడిచి వస్తాడు. కాబట్టి కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేముందే అడగండి: జీతం ఏ తారీఖున, ఏ అకౌంట్‌లోకి, ఆలస్యమైతే ఎవరిని అడగాలి. చేతికి క్యాష్ ఇస్తామంటే ఒప్పుకోకండి. ఇంటి దగ్గర కనీసం రెండు మూడు నెలల ఖర్చు కుర్రాడి పేరున విడిగా పెట్టగలిగితే పెట్టండి. "నాన్నకి ఫోన్ చేస్తే డబ్బులు లేవంటారు, మాట పడాలి" అని భయపడే పిల్లాడు ఆ ఫోన్ మీకు చెయ్యడు, వేరేవాళ్లకి చేస్తాడు. ఫోన్ చేస్తే తిట్టకండి. నిజంగా చెప్తున్నాను, ఈ వ్యాసంలో ఇంకేం గుర్తులేకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

వాళ్లు కొనేది ఏమిటి

మ్యాచ్ ఓడిపోవాలని అడిగితే ఎవడైనా ఉలిక్కిపడతాడు. అందుకే మొదట అడిగేది అది కాదు. ఫుట్‌బాల్ మీద పందేలు గెలుపోటముల మీదే కాయరు. మొత్తం ఎన్ని గోల్స్ పడతాయి, ఫస్ట్ హాఫ్‌లో ఎన్ని, ఎన్ని కార్నర్లు, ఎవరికి ఎల్లో కార్డు (తప్పు చేస్తే రెఫరీ చూపే హెచ్చరిక) వస్తుంది, పెనాల్టీ ఉంటుందా, ఎంత తేడాతో గెలుస్తారు, ఇలా మ్యాచ్ నడుస్తుండగానే పందేలు మారుతూ ఉంటాయి. కాబట్టి మాట ఇలా ఉంటుంది: "ఓడిపొమ్మనట్లేదు కదరా, మీరెలాగూ గెలుస్తారు, ఫస్ట్ హాఫ్‌లో ఒక్క ఎల్లో కార్డు తీసుకో, ఎవడికేం నష్టం?"

2011 ఫిబ్రవరిలో టర్కీలోని అంతాల్యాలో రెండు ఫ్రెండ్లీ మ్యాచ్‌లు జరిగాయి, లాత్వియా-బొలీవియా, ఎస్టోనియా-బల్గేరియా. రెండింట్లో కలిపి ఏడు గోల్స్ పడ్డాయి, ఏడూ పెనాల్టీలే. అక్కడ ఆటగాళ్లను కొనాల్సిన అవసరం కూడా రాలేదు, రెఫరీలు ఇచ్చిన పెనాల్టీలు చాలు. ఎవరు గెలిచినా పరవాలేదు, గోల్స్ లెక్క కుదిరితే చాలు.

బ్రెజిల్ కథ ప్రతి కుర్రాడూ వినాలి. 2022లో అక్కడి రెండో డివిజన్ చివరి రౌండ్‌లో మూడు మ్యాచ్‌ల్లో ఫస్ట్ హాఫ్‌లో పెనాల్టీ పడేలా చెయ్యాలని ఒక ముఠా ఆటగాళ్లతో మాట్లాడుకుంది. ఒక్కొక్కరికి అక్కడి డబ్బులో 1,50,000 రియాల్స్ ఇస్తామన్నారు, 10,000 అడ్వాన్స్. విలా నోవా క్లబ్ ఆటగాడు ఒకడు అడ్వాన్స్ తీసుకున్నాడు. తీరా ఆ మ్యాచ్‌కి అతన్ని జట్టులోకే తీసుకోలేదు. తోటి ఆటగాళ్లలో ఎవరినైనా ఒప్పించాలని చూశాడు, కుదరలేదు. మిగతా రెండు మ్యాచ్‌ల్లో పెనాల్టీ పడింది, ఇందులో పడలేదు, ముఠా పందెం మొత్తం పోయింది. ఇక వాళ్లు అతని వెంట పడ్డారు, నష్టం నువ్వే కట్టాలని. విషయం క్లబ్ అధ్యక్షుడికి తెలిసింది, ఆయన వృత్తిరీత్యా పోలీసు, ఆధారాలు పోగుచేసి గోయాస్ రాష్ట్ర ప్రాసిక్యూటర్లకు ఇచ్చాడు. అక్కడి నుంచి తీగ లాగితే మొదటి డివిజన్‌లో ఎల్లో కార్డుల కోసం డబ్బు తీసుకున్నవాళ్ల దాకా డొంకంతా కదిలింది. అడ్వాన్స్ తీసుకున్న ఆ ఆటగాడికి జీవితకాల నిషేధం పడింది. అతను మ్యాచ్‌లో అడుగు కూడా పెట్టలేదు, అయినా పడింది. అడ్వాన్స్ అంటే అది. ఆ డబ్బు మీ దగ్గరికి వచ్చిన క్షణం నుంచి మీరు చేసినా చెయ్యకపోయినా వాళ్ల మనిషే.

ఎలా వస్తారు

సినిమాల్లోలా సూట్‌కేసుతో ఎవరూ రారు. తెలిసినవాళ్లే వస్తారు. పాత టీమ్‌మేట్, మీ ఊరివాడు, ఏజెంట్ అని చెప్పుకునే మనిషి, ఇన్‌స్టాగ్రామ్‌లో "మీ ఆటకి ఫ్యాన్ అన్నా" అని మెసేజ్ పెట్టినవాడు. ఊరు కాని ఊళ్లో తెలుగు మాట్లాడే మనిషి కనబడితే మనకి ప్రాణం లేచొస్తుంది, "ఏటి తమ్ముడూ, మనది వైజాగా? మాది గోపాలపట్నం" అనగానే సగం నమ్మేస్తాం. అలా పరిచయమైనవాళ్లంతా చెడ్డవాళ్లని కాదు. కానీ ఆ మనిషి పరిచయమైన నెలలోపే బూట్లు కొనిస్తున్నాడా, బిర్యానీ బిల్లు ప్రతిసారీ తనే కడుతున్నాడా, ఇంటికి డబ్బులు పంపాలంటే "నేను వేస్తాలే, జీతం వచ్చాక చూద్దాం" అంటున్నాడా, అప్పుడు ఆగి ఆలోచించండి. ఏమీ అడగకుండా ఇచ్చేది ఎందుకో అర్థం కాకపోతే తీసుకోకపోవడమే మంచిది.

తర్వాత వచ్చేది సమాచారం. "మీ గోలీకి చెయ్యి బాగైందా?", "రేపు ఎవరిని ఆడిస్తున్నారు?", "కోచ్‌కీ మేనేజ్‌మెంట్‌కీ గొడవంట కదా?" మామూలు కబుర్లలాగే ఉంటాయి. ఇలాంటి లోపలి సమాచారానికి డబ్బు విలువ ఉంటుంది. ఇంగ్లండ్ ఆటగాడు కీరన్ ట్రిప్పియర్ 2019లో తాను అట్లెటికో మాడ్రిడ్‌కి మారుతున్న సంగతి స్నేహితులకు చెప్పాడు, వాళ్లు దాని మీద పందెం కాశారు. దానికి 2020 డిసెంబరులో అతనికి 10 వారాల నిషేధం, 70,000 పౌండ్ల జరిమానా. మ్యాచ్‌లో ఏ తప్పూ చెయ్యలేదు, మాట బయటికి పోయింది, అంతే. కాబట్టి జట్టు సంగతులు అమ్మకి చెప్పండి, నాన్నకి చెప్పండి, అంతకుమించి ఎవరు అడిగినా "కోచ్ సార్ ఎప్పుడు చెప్తారో మాకే తెలీదు అన్నా" అని నవ్వి ఊరుకోండి.

ఆ తర్వాత బెట్టింగ్ ఐడీ, అంటే పందేల వెబ్‌సైట్‌లోకి వెళ్లే అకౌంట్. ఫ్రీగా ఐడీ ఇస్తారు, అందులో ముందే కొంత బ్యాలెన్స్ వేసి ఇస్తారు. మొదట్లో గెలుస్తారు, తర్వాత పోతుంది, పోయింది రాబట్టుకోవడానికి అప్పు ఇచ్చేది కూడా ఆ మనిషే. అప్పు ఎంతో వాడికి తెలుసు, మీ అమ్మానాన్నలకు తెలియదని కూడా తెలుసు. గాలానికి చేప పడింది. ఇప్పుడు అడుగుతాడు ఆ ఎల్లో కార్డు.

విదేశీ ట్రయల్స్ పేరుతో వచ్చేవాళ్ల విషయంలో మన ఊరు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఉద్యోగాలిప్పిస్తామని కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠాల గుట్టు 2024లో విశాఖ పోలీసులే బయటపెట్టారు, ఉత్తరాంధ్ర కుర్రాళ్లు ఎలా ఇరుక్కున్నారో అందరం చూశాం. ఫుట్‌బాల్ పేరుతో అయినా అంతే, క్లబ్ పేరు అడగండి, ఆ దేశపు సమాఖ్య వెబ్‌సైట్‌లో ఆ క్లబ్ ఉందో లేదో చూడండి, ట్రయల్స్ ఆహ్వానం క్లబ్ నుంచి నేరుగా రావాలి. పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

మన దేశంలో ఇవి జరగవని అనుకోకండి. 2018 జనవరిలో మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ అయిన ఐ-లీగ్‌లో తమ ఆటగాళ్లను ఫిక్సింగ్ కోసం సంప్రదించారని మినర్వా పంజాబ్ క్లబ్ బయటపెట్టి ఫిర్యాదు చేసింది. ఆ సీజన్ టైటిల్ గెలిచింది కూడా వాళ్లే. ఖండాలన్నీ తిరిగి మ్యాచ్‌లు కొన్న సింగపూర్ ఫిక్సర్ విల్సన్ రాజ్ పెరుమాళ్‌ని 2011లో ఫిన్లాండ్‌లో అరెస్టు చేశారు. అతనితో సంబంధం ఉందంటున్న కంపెనీ ద్వారా మన క్లబ్బుల్లోకి పెట్టుబడులు వచ్చాయన్న ఆరోపణ మీద 2022లో సీబీఐ ప్రాథమిక విచారణ మొదలుపెట్టింది.

అడిగిన రోజు ఏం చెయ్యాలి

ఒకే మాట, చిన్న మాట: "నేను చెయ్యను అన్నా." అక్కడితో ఆపి లేచి వచ్చెయ్యండి. "చూద్దాం", "ఆలోచించి చెప్తా", "ఈ మ్యాచ్‌కి వద్దు", ఇవి ఏవీ వద్దు. మనకి మొహమాటం ఎక్కువ, పెద్దవాడు అడిగితే మొహం మీద కాదనలేం, ఆ మొహమాటాన్నే వాళ్లు వాడుకుంటారు. "చూద్దాం" అంటే వాడి లెక్కలో ఔను. ఎంతిస్తావని కూడా అడగొద్దు, కుతూహలంతో అడిగినా ఆ మెసేజ్ రేపు మీ మీదే సాక్ష్యం అవుతుంది.

వాదన పెట్టుకోవద్దు, నీతులు చెప్పొద్దు, ముఖ్యంగా "నీ మీద కంప్లైంట్ ఇస్తా" అని వాడితో అనొద్దు. ఆ మాటతో వాడు జాగ్రత్త పడతాడు, మీకు ప్రమాదం పెరుగుతుంది. ఇంకొకటి, కొందరు తెలివైన కుర్రాళ్లు ఒప్పుకున్నట్టు నటించి ఆధారాలు సంపాదిద్దాం అనుకుంటారు. అది పోలీసుల పని. వాళ్లు అడిగితే తప్ప మీరు ఆ నాటకం ఆడకండి, ఎందుకంటే ఒప్పుకున్నట్టున్న మెసేజ్‌లు ఉంటాయి, నటించానని నిరూపించడానికి మాత్రం మీ దగ్గర ఏమీ ఉండదు.

గదికి రాగానే, అదే రాత్రి, రాసిపెట్టండి. ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ మాటలతో అడిగాడు, పక్కన ఎవరున్నారు, ఏ బండి మీద వచ్చాడు. తెలుగులోనే రాయండి, బాగా రాయాలని లేదు, రెండు రోజులు ఆగితే వివరాలు మసకబారతాయి. వాట్సాప్ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీయండి, నంబరు, తేదీ కనబడేలా. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ వాళ్లు పెట్టి ఉంటే ఇది ఇంకా తొందరగా చెయ్యాలి, ఇంకో ఫోన్‌తో ఫొటో తీసినా సరే. ఏదీ డిలీట్ చెయ్యొద్దు, సిగ్గుపడి డిలీట్ చేసే పిల్లలే ఎక్కువ. టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టొద్దు, ఆ గ్రూప్‌లో వాడి మనిషి ఉండొచ్చు.

అడగకుండానే ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఐదువేలు పడ్డాయనుకోండి. ఆ డబ్బు ముట్టుకోవద్దు. వాడు చెప్పిన నంబరుకి "తిరిగి పంపేశా" అని కూడా చెయ్యొద్దు, ఆ నంబరు ఇంకెవరిదో అద్దె అకౌంట్ అయితే అప్పుడు మీరు దొంగ డబ్బు చేతులు మార్చినవాళ్లు అవుతారు. బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పండి, ఈ మొత్తం నాది కాదు, ఎవరు వేశారో ఇదీ వివరం అని, ఆ ఉత్తరానికి అందినట్టు రసీదు తీసుకోండి. పోలీసులకిచ్చే ఫిర్యాదులో కూడా అది రాయండి. మీ బ్యాంకు అకౌంట్, సిమ్ కార్డు "రెండు నెలలకి ఇవ్వు, కమీషన్ ఇస్తాం" అని ఎవరైనా అడిగితే అదీ ఇదే దందా, బెట్టింగ్ డబ్బు తిరిగేది అలాంటి అకౌంట్లలోనే.

ఎవరికి చెప్పాలి

ముందు ఇంట్లో. తర్వాత క్లబ్‌లో, కోచ్ మీద నమ్మకం ఉంటే కోచ్‌కి. కోచ్ మీదే అనుమానం ఉంటే ఆయన్ని దాటి వెళ్లండి, అది అమర్యాద కాదు. మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్‌కి ఈమెయిల్ చెయ్యొచ్చు. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాకి పేరు బయటపెట్టకుండా ఫిర్యాదు చేసే ఆన్‌లైన్ వేదిక ఉంది. ఫిఫా వెబ్‌సైట్ ద్వారానే వెళ్లండి, ఎవరో పంపిన లింకు నొక్కొద్దు.

చెప్పకపోతే ఏమవుతుంది? నేను ఒప్పుకోలేదు కదా, నాకెందుకు అనుకుంటారు. ఫిఫా క్రమశిక్షణ నియమావళి ప్రకారం ఎవరైనా సంప్రదించిన సంగతి వెంటనే చెప్పకపోవడమే ఒక నేరం, దానికి విడిగా నిషేధం ఉంది. ఫిక్సింగ్‌లో పాలుపంచుకుంటే కనీసం 5 ఏళ్ల నిషేధం, కనీసం లక్ష స్విస్ ఫ్రాంకుల జరిమానా. ఫుట్‌బాల్‌లో 5 ఏళ్లంటే మామూలు ఆటగాడి జీవితం అయిపోయినట్టే.

పోలీసుల విషయం కాస్త వివరంగా చెప్పాలి. మన దేశంలో ఫిక్సింగ్‌ని పేరుపెట్టి నేరంగా చెప్పే ప్రత్యేక చట్టం లేదు. అది చెయ్యాలని లా కమిషన్ 2018లోనే సిఫార్సు చేసింది. కర్ణాటక ప్రీమియర్ లీగ్ క్రికెట్ కేసులో 2022లో అక్కడి హైకోర్టు మ్యాచ్ ఫిక్సింగ్ మోసం నేరం కిందికి రాదని కేసు కొట్టేసింది. ఇది చాలా పెద్ద లోటు, ఎవరూ గట్టిగా అడగడం లేదని నాకు బాధగా ఉంటుంది. అయినా పోలీసులు చేతులెత్తేయాల్సిన పనిలేదు. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని కూడా అందులోకి తెచ్చారు. భారతీయ న్యాయ సంహితలో అనధికార బెట్టింగ్ ప్రస్తావన ఉంది, బెదిరింపుకి విడిగా సెక్షన్లు ఉన్నాయి. కాబట్టి ఫిర్యాదులో ఫిక్సింగ్ అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకుండా, బెట్టింగ్ ఐడీ ఇచ్చాడు, డబ్బు వేశాడు, ఇలా బెదిరించాడు అని జరిగింది జరిగినట్టు రాయండి. కోల్‌కతాలో ఉన్నప్పుడు జరిగినా విశాఖ వచ్చి మీ ఇంటి దగ్గర స్టేషన్‌లో ఇవ్వొచ్చు, పరిధి కాదని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ రాసి అక్కడికి పంపాలి. ఆన్‌లైన్‌లో డబ్బు పోయి ఉంటే 1930కి, ఎవరైనా ఇంటి ముందుకొచ్చి బెదిరిస్తుంటే 112కి ఫోన్ చెయ్యండి.

పందెం అసలే వద్దు

ప్రొఫెషనల్ ఆటగాడు ఫుట్‌బాల్ మీద ఎక్కడా పందెం కాయకూడదు. తన మ్యాచ్ మీదే కాదు, యూరప్‌లో ఎవరో ఆడే మ్యాచ్ మీద కూడా. ఇంగ్లండ్ ఆటగాడు ఇవాన్ టోనీకి 2023లో పందేల నియమాల 232 ఉల్లంఘనలకు 8 నెలల నిషేధం పడింది. అదే ఏడాది ఇటలీ ఆటగాడు సాండ్రో టొనాలికి 10 నెలలు. టొనాలి జూదం అలవాటు నుంచి బయటపడడానికి చికిత్స తీసుకుంటానని ఒప్పుకుని, విచారణకి సహకరించి, మళ్లీ ఆటలోకి వచ్చాడు. టర్కీలో 2025 అక్టోబరులో సమాఖ్యే చెప్పింది, 571 మంది రెఫరీల్లో 371 మందికి బెట్టింగ్ అకౌంట్లు ఉన్నాయని, అందులో 152 మంది నిజంగా పందేలు కాస్తున్నారని. మన దగ్గర 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది, నడిపేవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడి నష్టపోయినవాడిని ఆ చట్టం శిక్షించదు, కాబట్టి అప్పుల్లో ఉన్న కుర్రాడు ఆ చట్టానికి భయపడి పోలీసుల దగ్గరికి వెళ్లడం మానక్కర్లేదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఉంటారు, వాళ్లకి చెప్తున్నాను. అప్పు ఎంతైనా సరే ఇంట్లో చెప్పండి. మ్యాచ్‌కి ముందు చెప్తే ఒకలా ఉంటుంది, దొరికిపోయాక చెప్తే ఇంకోలా ఉంటుంది, ముందుగా చెప్పి సహకరించినవాళ్లకి శిక్ష తగ్గించే వీలు నియమాల్లోనే ఉంది. 2011లో దక్షిణ కొరియా లీగ్‌లో ఫిక్సింగ్ బయటపడ్డాక పదుల మంది ఆటగాళ్లు జీవితకాల నిషేధానికి గురయ్యారు, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. అంతదాకా వెళ్లాల్సిన అవసరం ఎవరికీ లేదు. మనసు బాగోలేకపోతే, రాత్రి నిద్ర పట్టకపోతే, టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

టోర్నమెంట్లు పెట్టేవాళ్లకి, రెఫరీలకి

మధురవాడ నుంచి గాజువాక దాకా టర్ఫ్‌లు వచ్చాయి, ఆదివారమొస్తే టోర్నమెంట్లు. ఎవరో వచ్చి "మీ మ్యాచ్‌లు మేం యూట్యూబ్‌లో లైవ్ ఇస్తాం, కెమెరాలు మావే, ప్రైజ్ మనీ కూడా మేమే" అంటే సంతోషపడేముందు కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు, ఆ వీడియో ఎక్కడికి వెళ్తుందో అడగండి. 2022లో గుజరాత్‌లోని మోలిపూర్ అనే ఊళ్లో పొలంలో లైట్లు కట్టి, కూలీలకు జెర్సీలు వేసి, ఐపీఎల్ అని చెప్పి రష్యాలోని పందెంరాయుళ్లను మోసం చేశారు. మ్యాచ్‌కి నాలుగొందల కూలికి ఆడిన వాళ్లకి తాము ఏ ఆటలో భాగమో తెలియదు. మీ టోర్నమెంట్‌కి వేరే పేరు పెట్టమన్నా, జట్ల పేర్లు మార్చమన్నా, మ్యాచ్ ఫలానా గంటకే మొదలవ్వాలని పట్టుబట్టినా ఒప్పుకోకండి. గీత పక్కన నిలబడి ప్రతి కార్నర్‌నీ ఎప్పటికప్పుడు ఫోన్‌లో ఎక్కిస్తున్న మనిషి కనబడితే ఎవరని అడగండి.

రెఫరీలకి ఇచ్చే డబ్బు మరీ తక్కువ, భోజనం ఏ జట్టు పెడితే ఆ జట్టు బండిలో ఇంటికి వెళ్లే పరిస్థితి. అది మార్చండి, ఫీజు, బండి ఖర్చు నిర్వాహకులే ఇవ్వాలి. జర్మనీలో రాబర్ట్ హోయ్‌జర్ అనే రెఫరీ 2004లో కప్ మ్యాచ్‌లో హాంబర్గ్ 2-0తో ముందుండగా ఒక ఆటగాడిని బయటికి పంపి, రెండు పెనాల్టీలిచ్చి, కింది డివిజన్ జట్టు పాడర్‌బోర్న్ 4-2తో గెలిచేలా చేశాడు. అతన్ని పట్టించింది సాటి రెఫరీలు, వాళ్లకి అనుమానమొచ్చి సమాఖ్యకి చెప్పారు. అతనికి 2 ఏళ్ల 5 నెలల జైలు శిక్ష పడింది.

అలాగని సెల్ఫ్ గోల్ పడగానే వీడియో పెట్టి "అమ్ముడుపోయాడు" అని రాసెయ్యకండి. డిఫెండర్లకు పొరపాట్లు జరుగుతాయి. అప్పట్లో ఇంగ్లండ్ క్లబ్ వెస్ట్ హామ్‌కి ఆడిన లూకాస్ పకేటా కావాలని ఎల్లో కార్డులు తీసుకున్నాడని 2024లో ఆరోపణ పెట్టారు, 2025లో విచారణ సంఘం ఆ ఆరోపణలు నిలబడవని తేల్చింది. ఆ మధ్య కాలమంతా ఆ కుర్రాడు ఏ గ్రౌండ్‌కి వెళ్లినా ఆ మాట వెంట వచ్చింది. అనుమానం ఉంటే ఫిర్యాదు చెయ్యాల్సిన చోట చెయ్యండి, ఫేస్‌బుక్‌లో కాదు.

చెప్పిన తర్వాత

చెప్పినవాడికి అంతా బాగుంటుందని నేను అబద్ధం చెప్పను. 2011లో ఇటలీలో గుబ్బియో జట్టు డిఫెండర్ సిమోనే ఫరీనాకి చెసేనాతో కప్ మ్యాచ్ ఫిక్స్ చెయ్యడానికి 2 లక్షల యూరోలు ఇస్తామన్నారు. అడిగింది పాత టీమ్‌మేటే. ఫరీనా కాదని పోలీసులకి చెప్పాడు, అరెస్టులు జరిగాయి. ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు వేదిక మీద ఫిఫా అతన్ని గౌరవించింది. అయినా ఇటలీలో అతని ఆట అక్కడితో ఆగింది, తర్వాత ఇంగ్లండ్‌లో ఆస్టన్ విల్లాలో పిల్లలకు నేర్పే పనికి వెళ్లాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో మాట్లాడనివాళ్లు మనకీ ఉంటారు. అందుకే తల్లిదండ్రులు, మాస్టార్లు ఆ నెలలో కుర్రాడి పక్కన ఉండాలి, కుదిరితే ఎవరో ఒకరు వెళ్లి అక్కడే కొన్నాళ్లు ఉండండి. ఫోన్ నంబరు మార్చాలంటే పోలీసులకి చెప్పి మార్చండి, పాత సిమ్ పారెయ్యొద్దు, అందులోనే ఆధారాలున్నాయి. రాత్రిపూట ఒంటరిగా ప్రాక్టీస్ నుంచి రావొద్దు. క్లబ్‌కి ఇచ్చిన ఫిర్యాదుకి జవాబు ఈమెయిల్‌లోనే అడగండి, నోటి మాట వద్దు. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి, ఒక జిరాక్స్ ఇంట్లో, ఒకటి నమ్మకమైన బంధువుల ఇంట్లో పెట్టండి, ఒక ఫొటో తీసి మీ ఈమెయిల్‌కి పంపుకోండి.